స్లాబు కారకుండా, మేడ మీద నీళ్లు నిలవకుండా: వానలకు ముందే చేయాల్సిన పనులు, వరుసగా

జూన్‌లో మొదటి పెద్ద వాన పడిన మర్నాడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "సీలింగ్ మీద మరక వచ్చింది, ఏ కెమికల్ వేయిస్తే ఆగుతుంది?" కెమికల్ పేరు చెప్పడం తేలికే. కానీ బెజవాడ, గుంటూరుల్లో కారుతున్న మేడలు చాలావాటి మీద రోగం ఒకటే. వాన వెలిసి గంటలు గడిచినా నీళ్లు అక్కడే ఉంటాయి. నిలిచిన నీటికి ఎంత మంచి కోటింగ్ అయినా ఎక్కువ కాలం ఆగదు. అందుకే ఈ మార్గదర్శిలో వరుస ఇలా ఉంటుంది: ముందు నీళ్లు పోయే దారి, తర్వాత వాటం (నీళ్లు జారే వాలు), తర్వాత పగుళ్లు, చివరికి కోటింగ్. ఈ వరుస తిప్పేస్తే ఖర్చు రెండుసార్లు అవుతుంది.

ఇది మామూలు ఆర్‌సీసీ (ఇనప ఊచలు వేసి పోసిన కాంక్రీటు) స్లాబు ఉన్న ఇళ్ల కోసం. దూలాల మీద ఇటుక పేర్చి సున్నంతో వేసిన పాత మిద్దె అయితే దాని మీద సిమెంటు, ప్లాస్టిక్ కోటింగులు వేయకండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి దూలాలు పాడవుతాయి. అలాంటి ఇంటికి సున్నం పని తెలిసిన మేస్త్రినే పిలవాలి.

1. ఎప్పుడు మొదలుపెట్టాలి

మంచి సమయం సంక్రాంతి వెళ్లాక, ఉగాదిలోపు. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుకు తగ్గిపోతాయి, స్లాబు లోపలి తడి ఆరడానికి ఎండ సరిపోతుంది, మనిషి మేడ మీద పని చేయగలడు.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా. ఆ ఎండకు కాలిన స్లాబు మీద కోటింగ్ వేస్తే పైపొర క్షణాల్లో ఆరిపోయి, కింద తడి మిగిలి బుడగలు లేస్తుంది. మే నెల తప్ప వేరే వీలు లేకపోతే కోటింగ్ పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయండి, లేదా పొద్దువాలి స్లాబు చల్లబడ్డాక వేయండి. సాయంత్రం గాలివాన వచ్చే సూచన ఉన్నరోజు అసలు ముట్టుకోవద్దు.

మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటగానే వస్తుంది. అప్పటికి పని పూర్తయి, నీటి పరీక్ష కూడా అయిపోయి ఉండాలి. అంటే ఏప్రిల్ నెలాఖరుకి మేస్త్రితో మాట్లాడుకోవడం కూడా ఆలస్యమే.

2. కారుతున్నది వాన నీరేనా?

మేడ మీద చేయి పెట్టేముందు ఇది తేల్చుకోండి. సీలింగ్ మీద మరకకు కారణం వాన కాకపోతే ఎంత కోటింగ్ వేసినా డబ్బు దండగ.

మరక చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి. వారం తర్వాత చూడండి.

- వాన లేని రోజుల్లో కూడా గీత దాటి పెరుగుతుంటే: ఓవర్‌హెడ్ ట్యాంకు, దాని పైపులు, లేదా పై అంతస్తు బాత్‌రూమ్.
- వాన పడిన కొన్ని గంటల్లో పెరిగితే: పగులు, పైపు చుట్టూ సందు లాంటి సూటి దారి.
- వాన వెలిసిన రెండో రోజో, మూడో రోజో కనబడితే: మేడ మీద నిలిచిన నీళ్లు నెమ్మదిగా దిగుతున్నాయి.
- గోడ, స్లాబు కలిసే చోటే మరక ఉంటే: పిట్టగోడ మూల, లేదా బయటి గోడకున్న పగులు.

ట్యాంకు మీద అనుమానం ఉంటే రాత్రి పడుకునేముందు ట్యాంకు నుంచి వచ్చే వాల్వులన్నీ కట్టేసి, లోపల నీటి మట్టం దగ్గర గుర్తు పెట్టండి. తెల్లారేసరికి మట్టం దిగితే ట్యాంకుదే తప్పు. దిగకపోయినా మోటారు వేసినప్పుడు ట్యాంకు పొర్లి, ఆ నీరు రోజూ ఒకే చోట పడుతోందేమో చూడండి. మండు వేసవిలో కారే స్లాబుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఇంకో సంగతి. కింద మరక ఉన్నచోటుకు సరిగ్గా పైన పగులు ఉండాలని లేదు. స్లాబు లోపల కరెంటు పైపులు ఉంటాయి. నీరు ఒకచోట దిగి ఆ పైపు వెంబడి ప్రయాణించి ఫ్యాను పెట్టె దగ్గర బయటపడుతుంది. పడకగదిలో ఫ్యాను కొక్కెం నుంచి చుక్కలు పడుతుంటే, పైన పది అడుగుల దూరంలో డిష్ యాంటెన్నాకు కొట్టిన బోల్టు దగ్గర దారి దొరకొచ్చు. కాబట్టి మరక చుట్టూ కనీసం పది పన్నెండు అడుగుల మేర పైన వెతకాలి. బోల్టులు, పైపులు స్లాబులోకి దిగే చోట్లు, పాత స్తంభాల కోసం వదిలేసిన ఊచల మొదళ్లు ముందు చూడండి. మరో అంతస్తు కడదామని వదిలిన ఆ ఊచలు తుప్పు పట్టి వాటి చుట్టూ సందు ఏర్పడుతుంది. ఆ సందు ఎవరికీ గుర్తుండదు.

3. సామాను

- గట్టి చీపురు, వైరు బ్రష్, పార, బకెట్లు
- నీళ్లు నింపే పారదర్శకమైన లెవెల్ గొట్టం (మేస్త్రి దగ్గర ఉంటుంది)
- పగిలిన ఇటుక ముక్క లేదా సుద్ద
- బ్లీచింగ్ పౌడర్, రబ్బరు గ్లవుజులు
- రెండడుగుల పాలిథిన్ షీటు ముక్క, గట్టిగా అంటుకునే టేపు
- జారని చెప్పులు

పిట్టగోడ లేని మేడ, మెట్లు లేకుండా నిచ్చెనతో ఎక్కే మేడ అయితే ఒంటరిగా ఎక్కొద్దు. కరెంటు తీగలు మేడకు దగ్గరగా పోతుంటే పొడవాటి ఇనప కడ్డీలు, అల్యూమినియం నిచ్చెనలు పైకి తీసుకెళ్లొద్దు.

4. ఖాళీ చేయడం, కడగడం

పూలకుండీలు, పాత సోఫా, మిగిలిపోయిన టైల్స్, ఇసుక బస్తా, పనికిరాని కూలర్, అన్నీ దించండి లేదా ఒక పక్కకు చేర్చండి. కుండీల కింద స్లాబు ఏడాది పొడవునా తడిగానే ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు ఇటుకల మీద ఎత్తుగా పెడితే కింద గాలి ఆడుతుంది.

పాచి ఉన్నచోట బకెట్టు నీళ్లలో రెండు గుప్పిళ్ల బ్లీచింగ్ పౌడర్ కలిపి పోసి, అరగంట ఆగి, బ్రష్‌తో రుద్ది, బాగా కడగండి. బ్లీచింగ్‌తో పాటు యాసిడ్, బాత్‌రూమ్ క్లీనర్ ఏదీ కలపొద్దు, ఒకదాని మీద ఒకటి పోయొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణానికే ప్రమాదం. మేడ నీళ్లు ఇంకుడు గుంతలోకి పోయే ఏర్పాటు ఉంటే ఈ కడుగు నీరు దాంట్లోకి పోకుండా పైపును ఆరోజుకు పక్కకు తిప్పండి.

పాత కోటింగ్ లేస్తూ ఉంటే లేచినంత మేర గీకేయాలి. లేచిన పొర మీద కొత్త పొర వేస్తే రెండూ కలిసి లేస్తాయి.

5. నీళ్లు నిలిచే చోట గీత గీయండి

కడగడం అయ్యాక మేడంతా నీళ్లు పోయండి. అరగంట ఆగండి. ఇంకా నీళ్లు ఉన్న ప్రతి మడుగు చుట్టూ ఇటుక ముక్కతో గీత గీయండి. గీతల్ని ఫోటో తీసి పెట్టుకోండి, మేస్త్రితో మాట్లాడేటప్పుడు ఇదే మీ చేతిలో ఉన్న కాగితం. "అంతా చూసి చేస్తాం అండీ" అనే మాట దగ్గర ఆగిపోకుండా, "ఈ నాలుగు మడుగులూ పోవాలి మేస్త్రి గారూ" అని వేలుపెట్టి చూపించగలుగుతారు.

మడుగులు ఎక్కడున్నాయన్నదే తర్వాతి పని నిర్ణయిస్తుంది. తూము (మేడ నీళ్లు పైపులోకి దిగే రంధ్రం) దగ్గరే మడుగు ఉంటే తూము నోరు ఎత్తుగా ఉంది. మేడ మధ్యలో ఉంటే వాటం తప్పు. పిట్టగోడ వెంబడి పొడవుగా ఉంటే మూల పని సరిగా జరగలేదు.

6. తూము, కిందికి దిగే పైపు

ఈ పని మీద మిగతా అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టండి. నా అనుభవంలో ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్న పని ఇదే.

ముందు లెక్క చూడండి. 100 గజాల మేడ అంటే సుమారు 83 చదరపు మీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరు వాన పడితే 830 లీటర్లకు పైగా నీరు. వాతావరణ శాఖ 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటిన వానను అత్యంత భారీ వాన అంటుంది. అలాంటి రోజున ఆ మేడ మీద 16,000 లీటర్లకు మించి పడుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడలో కురిసిన వాన, బుడమేరు పొంగు మరచిపోగలిగినవి కావు. సింగ్‌నగర్ వైపు ఎన్నో కుటుంబాలు అప్పుడు పై అంతస్తుల్లో, మేడల మీదే తలదాచుకున్నాయి. మన ఊళ్లలో తూము ఏర్పాటు చినుకుల కోసం కాదు, అలాంటి రోజు కోసం చేసుకోవాలి.

గంటకు 10 సెంటీమీటర్ల వేగంతో కురిసే వానకు ఒక నాలుగంగుళాల పైపు సుమారు 85 చదరపు మీటర్ల మేడకు సరిపోతుంది. మూడంగుళాల పైపు మోసే నీరు దాంట్లో సగం కన్నా తక్కువ. చాలా ఇళ్లకు రెండున్నర, మూడంగుళాల పైపు ఒక్కటే ఉంటుంది. చిన్న మేడ అయినా తూములు రెండు ఉండాలని నా గట్టి అభిప్రాయం. ఒకటి ఆకుతో మూసుకుపోతే రెండోది ఉంటుంది.

ఇప్పుడు తూము దగ్గర కూర్చుని, కళ్లు స్లాబు మట్టానికి తెచ్చి చూడండి. పైపు నోటి అంచు చుట్టుపక్కల నేలకన్నా అర అంగుళమో, అంగుళమో ఎత్తుగా కనబడుతుంది చాలా చోట్ల. ఏళ్ల తరబడి ఎవరో ఒకరు ఆ సందులో సిమెంటు మెత్తుతూ పోవడంతో అక్కడ చిన్న గట్టు లేస్తుంది. లోపలికి వేలు పెట్టి తిప్పితే గట్టిపడ్డ సిమెంటు ముద్దలు తగులుతాయి, పైపు సగం మూసుకుపోయి ఉంటుంది. ఆ గట్టు వెనక అంగుళం మేర నీరు ఎప్పటికీ పోదు. మీరు కోటింగ్ వేయించేది ఆ నీటి అడుగునే.

సరిచేసే విధానం:

- తూము చుట్టూ అడుగున్నర మేర పాత సిమెంటు జాగ్రత్తగా తీయించండి. పెద్ద సుత్తి వద్దు, చిన్న ఉలితోనే. అసలు స్లాబు కాంక్రీటు తగలగానే ఆపాలి.
- పైపు నోరు నేల మట్టం కన్నా కిందికి ఉండేలా కోయించండి.
- ఆ అడుగున్నర నేలంతా నాలుగు వైపుల నుంచీ తూము వైపు పల్లంగా వచ్చేలా పాలిమర్ కలిపిన సిమెంటుతో పూయించండి.
- పైపుకు, కాంక్రీటుకు మధ్య సందును సిమెంటుతో కాకుండా పీయూ (పాలీయురేథేన్, రబ్బరులా సాగే పదార్థం) సీలెంట్‌తో నింపండి. ప్లాస్టిక్ పైపు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సిమెంటు దాంతో పాటు కదలలేక ఊడుతుంది.
- పైన ఉబ్బెత్తుగా ఉండే జాలీ పెట్టండి. చదునుగా ఉన్న జాలీని నాలుగు వేపాకులు, ఒక ప్లాస్టిక్ కవరు చాలు మూసేయడానికి. దోమతెర గుడ్డ కట్టడం ఇంకా పెద్ద తప్పు.

తర్వాత కింద పైపు. పైన ఒక బకెట్టు నీళ్లు ఒక్కసారిగా పోసి, కింద ఎంతసేపట్లో వస్తున్నాయో చూడండి. నీళ్లు తూము దగ్గర గుడగుడలాడుతూ పైకి లేస్తే పైపు మధ్యలో అడ్డం ఉంది. సాధారణంగా అది వంపు దగ్గరే ఉంటుంది. పై నుంచి కర్రతో పొడిస్తే అడ్డం ఇంకా బిగుసుకుంటుంది. కింది వంపు విప్పి, కింద నుంచి లాగాలి. పైపు చివర గోడ మొదట్లో నీళ్లు పోయకుండా, గోడకు దూరంగా ఇంకుడు గుంతలోకో వీధి కాలువలోకో చేరాలి.

చివరిగా పొర్లుడు దారి. పిట్టగోడలో స్లాబుకు రెండంగుళాల ఎత్తున బయటికి ఒక చిన్న గొట్టం పెట్టించండి. రెండు తూములూ మూసుకుపోయిన రాత్రి నీరు దానిలోంచి బయట పడుతుంది. పొద్దున్న ఆ గొట్టం కింద గోడ తడిగా ఉంటే తూము మూసుకుపోయిందని మీకు కబురు అందినట్టే.

7. వాటం సరిచేయడం

కనీస వాటం 100కు 1. అంటే పది అడుగుల దూరానికి ఒకటింపావు అంగుళం పల్లం. లెవెల్ గొట్టంలో బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస తూము దగ్గర, ఇంకో కొస మేడ దూరపు మూల దగ్గర పట్టి, స్లాబు నుంచి నీటి మట్టం దాకా రెండు చోట్లా కొలవండి. ఆ రెండింటి తేడానే మీ వాటం.

కొన్ని మడుగులే ఉంటే మేడంతా కొత్తగా పూత వేయక్కర్లేదు. మడుగు ఉన్నంత మేర గరుకు చేసి, కడిగి, ఎస్‌బీఆర్ లేటెక్స్ (పాత కాంక్రీటుకు కొత్త పూత అంటుకునేలా చేసే రబ్బరు ద్రవం) పూసి, అది జిగటగా ఉండగానే లేటెక్స్ కలిపిన సిమెంటు మోర్టారుతో నింపి అంచులు పల్చగా కలపాలి. మామూలు సిమెంటు ఇసుక పూత అంగుళం కన్నా పల్చగా వేస్తే ఏడాదిలో పొరలా లేస్తుంది.

వాటం మొత్తం తిరగబడి ఉంటే వేరే సంగతి. 30 అడుగుల పొడవు మేడకు తూము ఒక్క కొసనే ఉంటే రెండో కొసన మూడున్నర అంగుళాల మందం పోయాలి. అదే రెండు కొసలా తూములు పెడితే మధ్యలో దాంట్లో సగం చాలు. కాబట్టి ముందు తూము పెంచే దారి చూడండి. సగటున మూడంగుళాల పూత అంటే 100 గజాల మేడ మీద 12 టన్నులకు పైగా అదనపు బరువు. పాత ఇంటి మీద ఆ బరువు వేసేముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను అడగాల్సిందే. ఇప్పటికే రెండు పొరలు వేసి ఉన్న మేడ మీద మూడో పొర వేస్తానంటే ఒప్పుకోవద్దు, పాతది తీసి వేయమనండి.

8. పగుళ్లు, మూలలు, మొక్కలు

సన్నని వెంట్రుక పగుళ్లకు కోటింగ్ ప్రైమర్ సరిపోతుంది. గోరు దూరే పగులైతే ఇంగ్లిషు వి ఆకారంలో వెడల్పు చేసి, దుమ్ము ఊది, సీలెంట్ నింపాలి. లోతు ఒక సెంటీమీటరు దాటొద్దు. స్లాబులో ఊచల మీద ఉండే కాంక్రీటు మందం సుమారు రెండు సెంటీమీటర్లే. గ్రైండర్ పెట్టి లోతుగా కోసే పనివాణ్ణి అక్కడే ఆపండి.

ఎండకూ చలికీ తెరుచుకుంటూ, మూసుకుంటూ కదిలే పగులును సిమెంటుతో నింపితే దాని పక్కనే ఇంకోటి పుడుతుంది. అలాంటిదానికి సాగే గుణం ఉన్న పీయూ సీలెంటే వాడాలి.

స్లాబు, పిట్టగోడ కలిసే మూలను లంబకోణంగా వదిలేయొద్దు. రెండంగుళాల మేర సిమెంటుతో ఏటవాలుగా పూయించి, కోటింగ్‌ను గోడ మీదికి కనీసం ఆరంగుళాలు, వీలైతే అడుగు ఎక్కించండి. పిట్టగోడ పైభాగం మేడ లోపలి వైపు వాలుగా ఉండాలి. బయటికి వాలితే బయటి గోడంతా చారలు పడుతుంది.

పిట్టగోడలో రావి మొక్క మొలిస్తే రెండాకులు ఉన్నప్పుడే తీయాలి. పైకి కోస్తే వేరు లోపల బలుస్తుంది. చుట్టూ ప్లాస్టరింగ్ తవ్వి వేరుతో సహా లాగి, సందు నింపండి. రావిని పారేయడానికి మనసొప్పకపోతే కుండీలో పెట్టి, కాస్త ఎదిగాక ఏ గుడి ఆవరణలోనో నాటండి.

9. కోటింగ్

వేసేముందు పాలిథిన్ పరీక్ష. షీటు ముక్కను స్లాబు మీద పరిచి నాలుగంచులా టేపు అంటించి, సాయంత్రం నుంచి మర్నాడు పొద్దున దాకా, కనీసం 16 గంటలు వదిలేయండి. అడుగున నీటి చుక్కలు పట్టినా, స్లాబు నల్లబడినా లోపల ఇంకా తడి ఉంది. ఆగండి.

ఏది ఎంచుకోవాలి? నీళ్లు చక్కగా పోయే మేడకు ఫైబర్ కలిసిన యాక్రిలిక్ కోటింగ్ సరిపోతుంది. తెల్లదైతే ఎండ వేడి కూడా తగ్గుతుంది, స్లాబు కదలిక తగ్గుతుంది. యాక్రిలిక్ రోజుల తరబడి నీళ్లలో నానితే మెత్తబడుతుంది. కొంచెం నీరు నిలవక తప్పని చోట పీయూ కోటింగ్ మేలు. పైన టైల్స్ వేసే ఆలోచన ఉంటే సిమెంటు ఆధారిత రెండు భాగాల కోటింగ్. వేసవిలో వేసే తెల్ల సున్నం చల్లదనానికి మంచిదే, నీళ్లు మాత్రం ఆపదు.

వరుస:

- డబ్బా మీద రాసినట్టు ప్రైమర్. నీళ్లు కలపమని ఉంటే ఆ పొరకే.
- తూము చుట్టూ, మూలల్లో, పగుళ్ల మీద గ్లాస్ ఫైబర్ వల పరిచి తడి కోటింగ్‌లో ముంచండి.
- మొదటి పొర ఉత్తర దక్షిణాలుగా.
- డబ్బా మీద చెప్పినంతసేపు ఆరనిచ్చి రెండో పొర తూర్పు పడమరలుగా.
- ఆరేదాకా బట్టలారేయడం, వడియాలు పెట్టడం, మిరపకాయలు పోయడం ఆపండి.

డబ్బా మీద రెండు పొరలకు లీటరుకు ఎన్ని చదరపు అడుగులు వస్తుందో ఉంటుంది. మీ మేడ విస్తీర్ణాన్ని దానితో భాగించి, అన్ని లీటర్లు మీరే కొని, ఖాళీ డబ్బాలు మీ దగ్గరే ఉంచమనండి. పనివాళ్లు నీళ్లు కలిపి పల్చన చేయడం ఈ పనిలో అన్నిటికన్నా మామూలుగా జరిగే మోసం.

10. నీళ్లు నిలబెట్టి పరీక్ష

కోటింగ్ పూర్తిగా గట్టిపడ్డాక, అంటే సుమారు వారం తర్వాత, తూములు గుడ్డ, ఇసుక సంచులతో మూసి, మేడ అంతటా ఒక అంగుళం మేర నీళ్లు నింపండి. 24 గంటలు ఆగండి, వీలైతే 48. మూడు నాలుగుసార్లు కింద సీలింగ్ తడిమి చూడండి. తర్వాత తూములు తెరిచి, అరగంటలో మేడ ఖాళీ అవుతోందా చూడండి. పాత ఫోటోలోని గీతల దగ్గర నీరు మిగలకూడదు.

మేస్త్రికి ఇచ్చే చివరి విడత డబ్బు ఈ పరీక్ష తర్వాతే అని మొదటి రోజే చెప్పండి. ముందు చెబితే ఎవరికీ బాధ ఉండదు.

ఊచలు బయటపడిన స్లాబు మీద మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

11. పెచ్చులూడి ఊచలు కనబడితే

ఇక్కడ మీ సొంత పని ఆపేయండి. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. దాని మీద ప్లాస్టరింగ్ చేస్తే తుప్పు కనబడకుండా సాగుతుంది, ఒకరోజు పెద్ద పెచ్చు మంచం మీదే పడుతుంది. ముందు ఆ గదిలో పడుకోవడం మానేయండి. ఇంజనీరు చూసి, అవసరమైతే కింద ఊతకర్రలు పెట్టించి, వదులు కాంక్రీటు తీసి, ఊచలను తెల్లగా రుద్ది, తుప్పు నిరోధక ప్రైమర్ పూసి, పాలిమర్ మోర్టారుతో నింపే పని చేయిస్తారు. పైనుంచి నీరు ఆపకుండా ఇది చేయించినా మళ్లీ మొదటికే వస్తుంది.

12. తుపాను రాత్రి కారడం మొదలైతే

- ఫ్యాను, లైటు దగ్గర చుక్కలు పడితే ఆ గది ఎంసీబీ (మీటరు దగ్గరి బోర్డులో కరెంటు ఆపే మీట) దించండి. స్విచ్ ముట్టుకోవద్దు.
- పీవోపీ సీలింగ్ ఉబ్బితే, కరెంటు తీసేశాక, కింద బకెట్టు పెట్టి ఉబ్బిన చోట చిన్న చిల్లు చేయండి. నీరు పోతే సీలింగ్ మొత్తం కూలదు.
- ఉరుములు, ఈదురుగాలి ఉన్నంతసేపు మేడ ఎక్కొద్దు.
- గాలి తగ్గాక ఎక్కి తూము దగ్గర చెత్త తీయండి. చాలాసార్లు దీంతోనే కారడం తగ్గుతుంది.
- కారే చోట టార్పాలిన్ పరిచి ఇసుక సంచులు పెట్టండి. మేకులు కొట్టొద్దు.
- రేకుల షెడ్డు మీద కాలు పెట్టొద్దు. తడిసిన సిమెంటు రేకు మనిషి బరువుకు విరుగుతుంది.

తడి స్లాబు మీద ఆరాటంగా పూసే ఏ పేస్టూ మర్నాటికి ఉండదు. ఆ డబ్బు వేసవికి దాచుకోండి.

13. ఏడాదిలో మేడ ఎక్కాల్సిన రోజులు

- మే నెలాఖరు: తూములు, జాలీలు శుభ్రం, బకెట్టు పరీక్ష.
- జూన్ నుంచి సెప్టెంబరు: పెద్ద వాన పడిన ప్రతిసారి మర్నాడు ఒకసారి.
- దీపావళి మర్నాడు: ఇది మరచిపోవద్దు. టపాకాయల ఎర్ర కాగితాలు మంచుకు నాని ముద్దయి జాలీలకు అతుక్కుంటాయి. సరిగ్గా తుపానుల కాలం అది. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న.
- తుపాను హెచ్చరిక వచ్చిన రోజు: తేలికగా ఎగిరే వస్తువులు దించి, తూములు చూడండి.
- సంక్రాంతి తర్వాత: పగుళ్లు, మొక్కలు, కోటింగ్ లేచిన చోట్లు రాసుకోండి. మరమ్మతులకు సమయం అదే.

14. లోపల సీలింగ్ పని ఆఖరున

పైన పని అవగానే కింద పుట్టీ, పెయింట్ మొదలుపెట్టొద్దు. స్లాబులో మిగిలిన తడి కిందికే ఆరాలి. వెంటనే పెయింట్ వేస్తే నెల తిరక్కుండా బుడగలు లేస్తుంది, పైన చేసిన పని మీద అనవసరంగా అనుమానం వస్తుంది. పాత మరక చుట్టూ గీకి, ఉప్పులా తెల్లగా లేచిన పొడిని పొడి బ్రష్‌తో దులిపి, అలాగే వదిలేయండి. ఒక పెద్ద వాన చూడండి. గీత లోపల మరక కదలకపోతే, సీలింగ్‌కు పాలిథిన్ ముక్క అంటించి ఒక రాత్రి పరీక్ష చేసి, పొడిగా ఉంటే అప్పుడు పుట్టీ పెట్టించండి.